చివరిగా హాజరైన తేదీ

దలాల్ సంతకం కింద ఒక గీత ఉంది. గీత కింద రెండు చుక్కలు.

జాయ్సీ ఆ కాగితాన్ని కిటికీ వైపు తిప్పి మళ్ళీ చూసింది. చరిత్ర క్లాసు హాజరు పట్టిక అది. డెబ్భైమంది పేర్లు ఇంగ్లీషులో అచ్చువేసి, ప్రతి పేరు ఎదురుగా సంతకానికి ఒక గడి ఇచ్చారు. మిగతా పిల్లల సంతకాలు గడి దాటి పక్క గడిలోకి పాకుతున్నాయి. కొందరివి అరబ్బీలో, కొందరివి ఉత్త మెలికలు. దలాల్ అనే కువైటీ పిల్లది మాత్రం గడి మధ్యలో, ఒక్కో అక్షరం విడివిడిగా, ముగ్గు పెట్టినంత నిదానంగా ఉంది.

సెప్టెంబరు పట్టికలు తీసింది. అప్పుడు ఆ పిల్ల సంతకం అరబ్బీలో ఉంది, తొందరగా గీకినట్టు. అక్టోబరు మధ్యలో రెండు క్లాసులకు గడి ఖాళీ. చివరి వారం నుంచి ఇంగ్లీషు. ఇంగ్లీషులోకి మారిన రోజు నుంచే గీత, చుక్కలు.

రాజోలు దగ్గర జాయ్సీ వాళ్ళ ఊరి బడిలో లెక్కల మాస్టారు సంతకం నేర్పించినప్పుడు గీత గీసి, చుక్కలు పెడితేగానీ పూర్తయినట్టు కాదన్నాడు. ఇప్పటికీ బ్యాంకులోనైనా, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితాల మీదనైనా ఆమె చెయ్యి దానంతటదే ఆ రెండు చుక్కలూ పెట్టేస్తుంది. ఈ కాలేజీలో ఐదేళ్ళుగా వేల సంతకాలు చూసింది. ఒక్క కువైటీ పిల్లా అలా పెట్టగా చూడలేదు.

కువైట్‌లోని ఎగైలాలో ఉన్న ఆ కాలేజీలో అమెరికా పౌరసత్వం ఉన్న పిల్లలు పదకొండుమంది. తండ్రులు అక్కడ చదువుకునే రోజుల్లో పుట్టినవాళ్ళు. వాళ్ళ చదువుకి ఆ దేశ ప్రభుత్వం అప్పు ఇస్తుంది. ఇస్తుంది కాబట్టి, వాళ్ళు నిజంగా క్లాసుకి వస్తున్నారా అని అడుగుతుంది. మధ్యలో మానేసిన వాళ్ళకి, చివరిగా హాజరైన తేదీ ఒకటి రాసి పంపాలి. సెమిస్టరులో అరవై శాతం గడిచాక మానేస్తే డబ్బు కాలేజీకే ఉంటుంది. అంతకుముందే మానేస్తే కొంత వెనక్కి కట్టాలి. ఆ తేదీ వెతికి రాయడం జాయ్సీ పని. దలాల్ మిగతా నాలుగు సబ్జెక్టుల్లో ఆరో వారం తరువాత కనిపించలేదు. చరిత్రలో మాత్రం పదకొండో వారం, అంటే కిందటి వారం దాకా ఉంది.

అక్కడ ఆదివారమూ పనిరోజే. ఆ సాయంత్రం దాకా ఆ ఫైలు బల్ల మీదే ఉంచుకుంది. వెళ్ళేటప్పుడు సొరుగులో పెట్టి తాళం వేసింది. అలవాటు లేని పని అది. తాళం తిప్పుతుంటే వెనక ఎవరో చూస్తున్నట్టు అనిపించింది.

సోమవారం పొద్దున్నే వసీమ్ వచ్చి బల్ల అంచు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. సెక్షన్ హెడ్ ఆయన. హైదరాబాదు మనిషి. ఎవరితో మాట్లాడినా సగం గొంతుతోనే మాట్లాడతాడు.

"దలాల్ ఫైల్ అయిందా జాయ్సీ? పదకొండో వారం రాసెయ్. సాఫ్‌గ ఉన్నది కదా."

"సంతకాలు తేడాగా ఉన్నాయి సార్."

ఆయన పట్టిక తీసుకుని కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చాలాసేపు చూశాడు. తరువాత జాయ్సీ వైపు చూశాడు. ఆమె బల్ల మీదున్న సెలవు ఫారం వైపు చూశాడు. దాని అడుగున ఆమె సంతకం ఉంది, గీతతో, రెండు చుక్కలతో.

"ఇది మనోళ్ళ చెయ్యి," అన్నాడు.

జాయ్సీ పట్టిక కోసం చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు.

"ఈ ఆఫీసుల మనోళ్ళం ముగ్గురం. నువ్వు, నేను, చాంద్ బాషా. రెండు వారాలల్ల ఆడిట్ వాళ్ళు వస్తరు. నీకు కనబడ్డది వాళ్ళకు కనబడదా? ముందుగాల మనమే పట్టుకుంటే మంచిగుంటది." ఆగి, ఇంకా మెల్లిగా అడిగాడు. "పట్టికలు ఎవల చేతుల ఉంటయి?"

ఆ ప్రశ్నకి జవాబు ఆయనకు తెలుసు. అయినా ఆమె చెప్పింది. "క్లాసుల నుంచి తెచ్చేది బాషా భాయే కదండీ."

వసీమ్ తలూపి వెళ్ళిపోయాడు. ఆ మాట ఎందుకన్నానా అని జాయ్సీ అనుకోలేదప్పుడు. తన సెలవు ఫారం తిరగేసి పెట్టింది.

ఆ రోజంతా చాంద్ బాషాని గమనించింది. రాయచోటి నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళయిన మనిషి. మోకాలి నొప్పితో ఒక కాలు కొంచెం ఈడుస్తూ, చంకలో నీలం ఫోల్డరు పెట్టుకుని అంతస్తు అంతస్తూ తిరిగి పట్టికలు తెస్తాడు. తెచ్చినవి నేరుగా ఆమెకివ్వడు. ముందు టీ గదిలోకి పోతాడు. ఐదు నిమిషాలకో పది నిమిషాలకో బయటికి వస్తాడు. ఇన్నాళ్ళూ ఆ పది నిమిషాలు ఎవరూ లెక్కపెట్టలేదు. ఇవాళ జాయ్సీ గడియారం చూసింది. పన్నెండు నిమిషాలు.

కొరియరు పుస్తకం తీసుకెళ్ళి సంతకం పెట్టమంది. ఆయన పెన్ను తీసుకుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, చాంద్ అని రాసి కింద గీత గీశాడు. రెండు చుక్కలు పెట్టాడు.

"ఏందిమా, దినామూ నువ్వే ఏస్తాంటివే. ఈ పొద్దు నాతో ఎందుకు ఏపిస్తాండావు?"

"ఊరికేనండి."

"ఊరికే పుస్తకం ఎత్తుకోని టీ గది దాకా వస్తారామా ఎవురన్నా? కూచో. షాయ్ పోస్తా." చిన్న గాజు ఇస్తికానాలో టీ పోసి, చక్కెర వేయకుండా ఆమె ముందు పెట్టాడు. ఆమె చక్కెర వేసుకోదని ఆయనకు గుర్తే. జాయ్సీ తాగలేదు. పక్కన అరుగు మీద నీలం ఫోల్డరు తెరిచే ఉంది. ఆయన పట్టికలన్నీ బోర్లించి, టిష్యూ కాగితంతో ఒక దాని మీది కాఫీ మరక అద్దుతున్నాడు.

"పిల్లోళ్ళు కప్పులు పెడతారుమా దీని మీద. మరకలతో తీసకపోతే వసీమ్ సార్ నామీద ఎగురుతాడు. ఆరబెట్టి తెస్తా."

పన్నెండు నిమిషాల్లో ఆయన చేసేది అదేనా, అది కాక ఇంకేదైనా ఉందా అని ఆలోచిస్తూనే ఆమె తన బల్ల దగ్గరికి వచ్చింది.

మంగళవారం చరిత్ర క్లాసు పదకొండింటికి. అంతకు ముందు వసీమ్ గది తలుపు వేసుకుని ఫోనులో మాట్లాడుతున్నాడు. "ఇఖామా డిసెంబర్ల ఐపోతది. ఆపితే ఆపొచ్చు," అన్న మాట తలుపు సందులోంచి వినిపించింది. జాయ్సీ కుర్చీలో కదలకుండా కూర్చుంది. డిసెంబరులో ఇఖామా అయిపోయేది తనది కాదు. తనది మార్చిలో. చాంద్ బాషా కాగితాలు ఏ నెలలో వెళ్తాయో ఆమెకు తెలుసు. వాటిని టైపు చేసేది ఆమే.

వరండాలో ఆయన ఎదురయితే ఆపి అడిగేసింది. "బాషా భాయ్, చరిత్ర క్లాసు పట్టిక మీరు తీసుకునేసరికి సంతకాలన్నీ అయిపోయుంటాయా?"

చాంద్ బాషా ఫోల్డరు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "నిన్న పుస్తకం, ఈ పొద్దు ఈ మాట. నామీద అనుమానమామా నీకు?"

"అదికాదండి."

"అదే. మొగం జూస్తే తెలీదా." కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది. "నన్నడిగే బదులు ఆ క్లాసులో వెనక వరసలో కూచోని చూడు. మనోళ్ళామె ఒకామె వస్తాది. బుర్ఖా ఏసుకోని, మాస్కు కట్టుకోని. చదువుకునే ఈడు కాదు ఆమెది. నేను ఒకసారి చూసినా. మళ్ళ చూడలే."

"ఎవరికీ చెప్పలేదే?"

"ఎవురు పంపితే వచ్చిందో ఏమో. ఆమెకూ కఫీల్ ఉంటాడు గదమా, వీసా ఇచ్చినోడు."

పెద్ద హాలు. దిగువన ప్రొఫెసరు తెర మీద బొమ్మలు మారుస్తున్నాడు. జాయ్సీ వెనక తలుపులోంచి వెళ్ళి చివరి వరసలో కూర్చుంది. రెండు కుర్చీల అవతల నల్ల అబాయాలో ఒకామె నిటారుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు కూర్చుంది. ముందు వరసల్లో పిల్లలు ఫోనులు చూసుకుంటున్నారు. ప్రొఫెసరు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో తలెత్తి వెనక వరస వైపే చూస్తున్నాడు. తనని చూస్తున్న మొహం ఆ ఒక్కటే మరి.

పట్టిక చేతులు మారుతూ వచ్చింది. ఆమె దాన్ని బల్ల మీద పరుచుకుంది. బ్లీచు నీళ్ళకు తెల్లబారి తోలు లేచిన వేళ్ళు. వేలితో పేర్ల వెంట కిందికి జరిగి, ఒకచోట ఆగి, మళ్ళీ ఒకసారి సరిచూసుకుని రాసింది. గీత గీసింది.

"ఏ ఊరండి పిన్నిగారూ?" అంది జాయ్సీ, చిన్నగా.

పెన్ను ఆగింది. ఆమె తల తిప్పకుండానే, "వందనాలమ్మా," అంది, ఏం అనాలో తెలియక అన్నట్టు.

క్లాసు అయ్యాక మెట్ల దగ్గర మాట్లాడుకున్నారు. పేరు కరుణమ్మ. పాలకొల్లు దగ్గర ఊరు. సబా అల్ సలేంలో దలాల్ వాళ్ళింట్లో తొమ్మిదేళ్ళుగా చేస్తోంది. మాస్కు కిందికి దింపింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"మామా, అదే పాప వాళ్ళమ్మగారు, పంపితే వస్తున్నానండి. నా అంతట నేను రాలేదండి. గేటు దగ్గర పాప కార్డు పెట్టు, ఎనక్కాల కూర్చో, పేరున్నకాడ పేరు రాయి అన్నారు. రెండు రోజులు వంటింట్లో కూర్చుని దిద్దుకున్నానండి."

"కింద గీత కూడా పెట్టమన్నారా?"

"గీతెయ్యకపోతే సంతకమెలాగవుద్దండి?" అంది కరుణమ్మ, నిజంగా అడిగినట్టు.

జాయ్సీ కిందికి చూసింది. "దలాల్ ఎందుకు రావట్లేదు?"

"పాపకి బాగోలేదండి. గది తలుపు తియ్యదు. ఓసారి తింటది, రెండ్రోజులు తినదు. డాట్రు గారు ఇంటికే వచ్చి వెళ్తన్నారు. ఈ మధ్యనే కాస్త లేచి కూర్చుంటుంది, తల దువ్వించుకుంటంది. జనవరికి కాలేజీకి వెళ్తానంటుంది." ఆగి గొంతు తగ్గించింది. "మొదట మామా కాయితం పెట్టారండి, పాపకి బాగోలేదు, సెలవియ్యండని. పాపే సంతకం పెట్టింది. ఈ ఆఫీసోళ్ళే తిప్పికొట్టారు. డాట్రు ఉత్తరం అరబ్బీలో ఉంది, పనికిరాదన్నారంట. మామా మూడ్రోజులు ఏడ్చారు. పేరు కొట్టేస్తారేమోనని ఇగ నన్ను పంపారు."

మెట్ల మీద పిల్లలు దిగుతున్నారు. కరుణమ్మ గోడకి ఒత్తుకుని నిలబడింది.

"నన్ను పట్టిస్తారా అమ్మా? సఫర్ చేసేస్తారు, ఇంటికి పంపేస్తారు. చిన్నోడికి ఇంకా రెండేళ్ళ చదువుంది."

బండి వచ్చిందని ఫోను మోగితే కరుణమ్మ వెళ్ళిపోయింది.

వెనక్కి పంపిన దరఖాస్తుల ఫైలు బుధవారం తీసింది. తిప్పి పంపే ప్రతి కాగితానికీ ఒక నకలు, దాని పైన పసుపు చీటీ ఉంచడం ఆ ఆఫీసు పద్ధతి. అక్టోబరు కట్ట లావుగా ఉంది. ఎవరో పని తప్పించుకోడానికి తిప్పి ఉంటారని ఆమెకు ముందే అనుమానం. వసీమ్ అయి ఉంటాడు. సగం గొంతుతో మాట్లాడే మనుషులు చెయ్యదగ్గ పనే. చీటీలు ఒక్కొక్కటీ ఎత్తి చూసింది.

దలాల్ పేరు అక్టోబరు ఇరవైన దొరికింది. అనారోగ్యం, సెలవు కావాలి, జనవరిలో తిరిగి వస్తాను. కింద తేదీ, అరబ్బీలో తొందరగా గీకిన సంతకం. దాని మీద పసుపు చీటీ: "తిరిగి పంపడమైనది. వైద్యుని లేఖకు ఇంగ్లీషు అనువాదం లేదు."

చేతిరాత జాయ్సీది.

చాలాసేపు చూసింది. ఆ రోజు గుర్తు రాలేదు. ముప్పై కాగితాలు తిప్పిన రోజుల్లో అదొక రోజు. టీ తాగుతూ రాసిందో, ఫోను మాట్లాడుతూ రాసిందో. కుడి మూలన వసీమ్ పొడి అక్షరాలు కూడా ఉన్నాయి, చూసినట్టుగా.

తరువాత అమెరికా వాళ్ళ నిబంధనల పుస్తకం తెరిచింది. ఐదేళ్ళుగా అందులోంచి తేదీల పేజీలే చదివింది. సెలవు పేజీలు ఇప్పుడు చదివింది, వేలు కింద పెట్టుకుని, ఒక్కో వాక్యం రెండుసార్లు. విద్యార్థి రాతపూర్వకంగా అడగాలి. కారణం రాయాలి. సంతకం, తేదీ ఉండాలి. తిరిగి వస్తుందన్న నమ్మకం ఉండాలి. నూట ఎనభై రోజులు మించకూడదు. అలా సెలవిస్తే మానేసినట్టు కాదు. డబ్బు వెనక్కి కట్టే లెక్కా ఉండదు. డాక్టరు ఉత్తరం ఏ భాషలో ఉండాలన్న మాట ఎక్కడా లేదు. కాలేజీ సొంత నియమాలు వెతికింది. వాటిలోనూ లేదు. అరబ్బీ కాగితాలు చదవడం ఆలస్యమవుతోందని ఎప్పుడో ఈ గదిలో పెట్టుకున్న అలవాటు అది. కొత్తగా చేరిన రోజున వసీమ్ చెప్పాడు. ఆమె ఇంకేమీ అడగలేదు.

మధ్యాహ్నం చాంద్ బాషా టీ తెచ్చి పెట్టాడు. మామూలుగా అయితే ఏదో ఒకటి అనేవాడు. ఇవాళ కప్పు పెట్టి, నిలబడి, "రేపు తొమ్మిదికి నన్ను పైకి రమ్మన్నారుమా. ఎందుకో చెప్పలే," అన్నాడు.

"నేను కూడా వస్తానండి."

"నువ్వెందుకు?"

"ముందు నేనే వెళ్తాను."

ఆయన ఆమె మొహం చూశాడు. కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

గురువారం ఎనిమిదిన్నరకి వసీమ్ గదిలో రెండు కాగితాలు పెట్టింది. ఒకటి పసుపు చీటీతో ఉన్న దరఖాస్తు. రెండోది ఆమె టైపు చేసిన ఒక పేజీ. దలాల్ చివరిగా హాజరైన తేదీ అక్టోబరు పద్నాలుగు, ఆమె స్వయంగా పరీక్ష రాసిన రోజు. ఇరవైన ఆమె సెలవు అడిగింది. నిబంధనల్లో లేని కారణంతో ఆ దరఖాస్తును నేను తిప్పి పంపాను. తప్పు నాది. దాన్ని ఆ తేదీ నుంచే పరిశీలించాలని కోరుతున్నాను. చరిత్ర పట్టికల్లో ఆ తరువాతి సంతకాలు విద్యార్థినివి కావు గనుక వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఆఫీసు సిబ్బందివీ కావు. ఆ పట్టికలు ఆఫీసుకు చేరేలోపే ఆ సంతకాలు ఉన్నట్టు నేను స్వయంగా చూశాను.

వసీమ్ మొదటి కాగితం కుడి మూల దగ్గర ఆగిపోయాడు. బొటనవేలు ఆ పొడి అక్షరాల మీద పెట్టాడు.

"సంతకాలు ఎవలు పెట్టిన్రో నీకు ఎరుక."

"ఫారంలో ఆ గడి లేదు సార్. తేదీకే ఉంది."

"చాలాక్ అయినవ్." నవ్వలేదు. కాగితం మళ్ళీ చదివాడు. "తప్పు నాది అని రాసినవ్. ఇది ఫైల్ల ఉంటది. ఆడిట్ వాళ్ళు అడుగుతరు. మార్చిల నీ రెన్యూవల్ టైంకి గిట్ల దీన్ని తీసి చూపిస్తరు."

"తెలుసు సార్."

"నా పేరు రాయలే."

"చేతిరాత నాదే కదండీ."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. ఫోను ఎత్తి పైకి చేసి, చాంద్ బాషా తొమ్మిదికి రానక్కర్లేదని, ఆ ముచ్చట ఖలాస్ అని చెప్పాడు. సెలవు కాగితం మీద తేదీ వేసి తన పేరు రాశాడు. అది ఆమెకు తిరిగి ఇచ్చేటప్పుడు కూడా దాని చివర ఒక క్షణం పట్టుకునే ఉన్నాడు.

జాయ్సీ టీ గదికి వెళ్ళింది. చాంద్ బాషా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, జుట్టు తడిచేసి దువ్వుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"పైకి వెళ్ళక్కర్లేదండి. అయిపోయింది."

"ఏం అయిపాయె?"

"సోమవారం మీ పేరు చెప్పింది నేనే బాషా భాయ్. పట్టికలు మీ దగ్గరుంటాయని."

ఆయన చొక్కా కాలరు సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు. "నా దగ్గరే ఉంటాయి గదమా," అని లేచి, కెటిలు కడగడానికి కొళాయి వైపు తిరిగాడు. ఆమె అక్కడే నిలబడింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఆ రోజు ఆమె బల్ల మీదికి టీ రాలేదు.

సెలవు మంజూరైన ఉత్తరం ఆ మధ్యాహ్నమే దలాల్ వాళ్ళింటికి వెళ్ళింది. అయినా ఆదివారం పదకొండింటికి కరుణమ్మ వెనక వరసలో ఉంది. జాయ్సీ పక్క కుర్చీ దగ్గర నిలబడింది.

"ఉత్తరం అందలేదా పిన్నిగారూ?"

"అందిందండి. మామా చదివి పాపని ముద్దెట్టుకున్నారు. పాప నిన్న హాల్లోకొచ్చి కూర్చుంది." కరుణమ్మ మాస్కు దింపలేదు. కళ్ళు నవ్వాయి. "ఇయ్యాల కార్డు ఇచ్చెయ్యడానికి పంపారండి. కింద ఇచ్చేశాను. బండి పన్నెండింటికి గాని రాదు. అందాకా కూర్చుంటానండి. సంతకం పెట్టన్లెండి."

"కూర్చోండి."

"ఇక్కడైతే ఓ గంట ఎవరూ పిలవరు," అంది కరుణమ్మ. "ఆయన చెప్పేది తెలవదు గాని, బాగా చెప్తారండి."

దిగువన ప్రొఫెసరు తలెత్తి వెనక వరస చూసి, మాట కొనసాగించాడు. జాయ్సీ ఇంకా నిలబడే ఉంది. వెళ్ళిపోయి ఉండొచ్చు. ఎవరూ అడగరు.

"పిన్నిగారూ. అక్టోబరులో ఆ కాయితం తిప్పి పంపింది నేనేనండి."

కరుణమ్మ ఆమె వైపు చూసింది. ఆ చూపులోంచి నవ్వు మెల్లిగా పోయింది. చేతులు ఒళ్ళోకి తీసుకుంది. తెర వైపు తిరిగింది. రెండు బొమ్మలు మారాయి.

"మామాకి మాత్రం చెప్పకండమ్మా," అంది చివరికి, "తిప్పింది మా వైపోళ్ళేనని."

తరువాత పక్క కుర్చీ మీదున్న తన సంచీ తీసి కింద పెట్టుకుంది.